గోరు కింద కంతి

నా కుడిచేతి చూపుడువేలు గోరు కింద నువ్వుగింజంత నీలం మచ్చ ఉంది. ఎండలో ఒక వాటంగా పట్టి చూస్తేనే కనపడుతుంది. దాని మీద దూదిపింజ వాలినా నొప్పి చంకదాకా ఎగబాకుతుంది. ఏళ్ల తరబడి ఈ మాట చెబుతున్నాను. నమ్మినవాడు లేడు.

నమ్మకపోగా ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేశారు. గోరుచుట్టు అని మా ఆవిడ జానీబీ నిమ్మకాయకు బొక్కపెట్టి వేలికి తొడిగింది. గోరుచుట్టయితే వేలు వాయాలి, చీము పట్టాలి. నా వేలు వాయలేదు. నిమ్మకాయ చల్లగా తగిలేసరికి నేను గోడకు తల కొట్టుకున్నాను. మిరపకాయల కల్లంలో కారం గోట్లోకి దిగి ఉంటుందని ఊళ్లో ఆర్ఎంపీ సూది పొడిచాడు. గుంటూరులో ఒక పెద్ద డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక రాయిలా ఉంది, ఏమీ లేదు పొమ్మన్నాడు. ఇంకొకాయన వేలు చూడనే లేదు. నా మొహం చూసి, నిద్ర పడుతోందా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆయనిచ్చిన బిళ్లలు మింగి పట్టపగలు పశువుల మధ్య తూలుతూ నిలబడితే తాగి వచ్చాననుకున్నారు.

చలికాలమైతే మరీ నరకం. మసీదులో కుళాయి నీళ్లు వేలికి తగలనివ్వలేక, నమాజుకు ముందు వజూ చేసుకోవడానికి ఇంటి దగ్గర కాచిన నీళ్లు చెంబుతో పట్టుకుపోయేవాణ్ణి. "బుడే సాయిబు గారికి వేన్నీళ్లు పెట్టండ్రా" అని నవ్వేవాళ్లు. చూపుడువేలు పైకెత్తి మిగతా వేళ్లతో అన్నం కలుపుకుంటే, "జమీందారు తిండి తింటున్నాడు చూడండి" అని మా ఆవిడ చుట్టాల ముందర అనేది.

ఈ వేలే నాకు అన్నం పెట్టేది. అది జనానికి అర్థం కాదు. నేను పశువుల సంతలో దళారీని. ఏడో తరగతిలో బడి మానేసి మా నాన్న వెంట ఆ సంతకు వచ్చాను, అక్కడే ఉండిపోయాను.

మా సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడి తరఫు దళారీ, కొనేవాడి తరఫు దళారీ ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుతారు. వాటి మీద తువ్వాలు కప్పుతారు. ఇక అడగడమైనా ఇవ్వడమైనా వేళ్లతోనే. వేలిని మొదలంటా పిడికిట్లో పట్టడమే ధర. ఒక వేలు పడితే ఒక ధర, రెండు పడితే ఇంకొకటి. వేలి కొసకు విలువ లేదు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. బేరం ఎప్పుడూ చూపుడువేలితోనే మొదలవుతుంది. పైన మాత్రం ఎండల గురించీ పత్తి రేటు గురించీ మాట్లాడుకుంటూ ఉంటాం. గేదె గల రైతు పలుపు పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాడు. తన గేదె ధర ఎంత దగ్గర ఆడుతోందో మేం చెప్పిందాకా అతనికి తెలియదు. తువ్వాలు ఉన్నదే అందుకు. ఇది అన్యాయం కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. న్యాయం కావలసినవాళ్లు కోర్టుకు పోవాలి, సంతకు రాకూడదు.

దీనికి కట్టుబాట్లున్నాయి. బేరం తేలకుండా చెయ్యి బయటకు తీసినవాడు బేరం చెడగొట్టినట్టే. ఇక ఆ రోజుకి ఆ పశువు వైపు ఎవరూ చూడరు. ఎడమచెయ్యి ఇవ్వడమంటే ఎదుటివాడి మొహాన ఉమ్మినట్టు. ఇక తువ్వాలు ఎత్తడమా, అలాంటివాణ్ణి మా నాన్న కూడా చూడలేదు.

ఈ పనికి చెయ్యి ఎంత ముఖ్యమో మొహం అంత ముఖ్యం. కింద ఏం జరుగుతున్నా పైన కనపడకూడదు. నాకున్న ఆస్తల్లా ఆ మొహమే. బాలస్వామి దాని మీద కన్నేశాడు.

బాలస్వామి కూడా దళారీయే. కొనేవాళ్ల తరఫున నిలబడతాడు. వాడికీ నాకూ మొదటినుంచీ పడదు. ఎందుకు పడదని అడిగితే ఇద్దరం చెరో కథా చెబుతాం, రెండూ అబద్ధాలే. కిందటి శీతాకాలం ఒక దున్నపోతు బేరంలో వాడు మామూలుగానే నా చూపుడువేలు పట్టుకున్నాడు. వాడి అరచెయ్యి గోరుకి రాసుకుంది. నా కంటి కింద నరం ఒక్కసారి అదిరింది. అంతే. పశువు నడక చూసి దాని కడుపులో ఏముందో చెప్పే వెధవ వాడు. ఆ అదురు వాడికి చాలింది.

మళ్లీ సంతకి, తువ్వాలు కప్పగానే, వేలి మొదలు వదిలేసి కొస పట్టుకున్నాడు. బొటనవేలి గోరు సరిగ్గా ఆ నీలం మచ్చ మీద దింపాడు. నా చెయ్యి దానంతటదే బయటకు వచ్చేసింది.

"ఏందిరా బుడే, తువ్వాల్లో తేలుందా?" అన్నాడు వాడు, అందరికీ వినపడేట్టు.

"వీడు నా గోరు నొక్కాడు" అన్నాను.

చుట్టూ ఉన్న దళారులు నవ్వారు. "కొస ఎవడు పడతాడ్రా? కొసకు ధరెక్కడుంది?" అన్నాడు ఒక ముసలాయన. "పోనీ నొక్కాడే అనుకో. మా మనవరాలు చెవులు కుట్టించుకుంటా బెల్లంముక్క తింటా కూర్చుంది. దానిపాటి లేవా నువ్వు?"

వాళ్ల లెక్కలో కొస పట్టడమనేదే లేదు. లేని పని బాలస్వామి ఎలా చేస్తాడు? కాబట్టి నేనే అబద్ధాలకోరుని. ఆ శీతాకాలమంతా ఇదే తంతు. వాడు ఎదురుగా వచ్చిన బేరమల్లా చెడింది. బుడే చెయ్యి నిలవదని పేరు పడింది. రైతులు నన్ను దాటుకుని వేరేవాళ్ల దగ్గరకు పోవడం మొదలెట్టారు.

చివరికి వెంకయ్య గారు పిలిపించారు. పంచాయతీలో సంతను వేలంపాట పాడుకున్నది ఆయన. అక్కడ ఎవరు నిలబడాలో ఎవరు నిలబడకూడదో ఆయన మాటే.

"చూడు బుడే, మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా" అన్నారు. "నీ మూలంగా పశువులు తిరిగి ఇళ్లకు పోతున్నాయి. సంతకు చెడ్డపేరు. పై గురువారం గనక నువ్వు మధ్యలో చెయ్యి తీశావా, ఆ తువ్వాలు ఇంటికాడ ఒళ్లు తుడుచుకోను వాడుకో. ఇక్కడ మాత్రం కప్పమాక."

"బాలస్వామి ఏం చేస్తున్నాడో అది కూడా అడగండి."

"తువ్వాలు కింద సంగతి నేనడగను. అడగకూడదు. నీకు తెలవదా?"

ఆ గురువారానికి నా చేతిలో ఉన్న బేరం ఒక్కటే, జక్రయ్య గేదె. జక్రయ్య మా పక్క పల్లె కౌలు రైతు. మిరప తోటను నల్లతామర పురుగు ఊడ్చేసింది, ఇంట్లో మిగిలింది రెండో ఈత ముర్రా గేదె. అతను కూడా నన్ను పూర్తిగా నమ్మి రావడం లేదు. "మీ నాన్న చెయ్యయితే నాకు బెంగ లేదు" అన్నాడు మా అరుగు మీద కూర్చుని. "నీ చెయ్యి గురించి ఏందో అంటన్నారు. ఈ గేదె అమ్ముడుపోకుండా ఇంటికొచ్చిందంటే మా ఆవిడ జయకుమారి నన్ను గొడ్లసావిట్లో కట్టేస్తది. ముందే చెబుతున్నా."

మంగళవారం గుంటూరు పోయాను. గురువారం ఒక్కరోజు నొప్పి తెలియకుండా ఏదైనా సూది పొడిపించుకుందామని పోయాను. ఈసారి దొరికింది హారిక అని ఒక చిన్న డాక్టరమ్మ. చేతులకే వైద్యం చేస్తుందట. నా పాత కాగితాలు తీస్తే పక్కన పెట్టేసింది.

"ఎక్కడ నొప్పండీ? వేలంతా అనొద్దు. ఒక్క చుక్క చూపించండి."

చూపించాను. పిన్నీసు గుండు వైపు పెట్టి గోరు మీద అక్కడా ఇక్కడా ఆనించింది. ఏమీ లేదు. మచ్చ మీద ఆనించగానే నేను బల్ల మీద నుంచి లేచిపోయాను. తిట్టాను కూడా. ఆమె ఏమీ అనుకోలేదు. బీపీ చూసే పట్టీ తెచ్చి మోచేతి పైన చుట్టి, గట్టిగా గాలి కొట్టి, మళ్లీ అదే పిన్నీసు అదే చోట నొక్కింది.

నొప్పి లేదు. కళ్లతో చూస్తున్నాను, పిన్నీసు అక్కడే ఉంది. గాలి వదిలింది. నిప్పు మళ్లీ దిగింది.

"గ్లోమస్ ట్యూమర్ అంటారు" అంది. "ట్యూమరనగానే భయపడకండి, క్యాన్సర్ కాదు. చిన్న కంతి. గోళ్ల కింద ఇట్లా ఎక్కడో ఒకళ్లకి వస్తుంది. ప్రాణానికి ఏం చెయ్యదు. కాకపోతే అది కూర్చున్న చోటు చెడ్డది. స్కాన్ తీసి, గోరు లేపి, తీసేద్దాం. సోమవారం రండి."

"ఎక్స్‌రే తీసినాయన ఏం లేదన్నాడే."

"ఎక్స్‌రేలో ఇలాంటివి చాలావరకు కనపడవండీ."

"ఇంకొకాయన పిచ్చన్నాడు."

ఆమె పట్టీ మడిచి పెడుతోంది.

"అది కట్టుకుని బయట తిరగొచ్చా?" అని అడిగాను.

"పొరపాటున కూడా కట్టకండి. రక్తం ఆగితే చెయ్యి మొద్దుబారుతుంది. అయినా ఎందుకండీ?"

"ఊరికే" అన్నాను.

ఇంటికొచ్చి కంతి అని చెబితే జానీబీ వేలు అటూ ఇటూ తిప్పి చూసింది. "కంతి అంటే కనపడాలి గదయ్యా. మా పిన్ని జోహరాబీకి మెడ మీద దబ్బకాయంత ఉండేది. పాతికేళ్లు మోసింది, ఏనాడన్నా కుయ్ అన్నదా? ఇది ఆవగింజంత లేదు, దీనికి ఆపరేషనా?"

"ఆమెది పెద్దది, నొప్పి లేనిది. నాది చిన్నది, నొప్పిది."

"నీదన్నీ అట్టాంటియ్యే" అంది.

గురువారం పొద్దున మంచం నవారు ముక్క ఒకటి కోసుకుని పొడుగు చేతుల చొక్కా వేసుకుని బయల్దేరాను. సంతలో జక్రయ్య గేదెకు నూనె రాసి నిలబెట్టాడు. కొనడానికి వచ్చిన ఆసామి ఒంగోలు వైపు పాలకేంద్రం నడుపుతాడు. ఫిలిప్ అని పేరు. అతని తరఫున బాలస్వామి ముందుకొచ్చాడు. వాడు వస్తాడని నాకు తెలుసు. వెంకయ్య గారు కూడా కుర్చీ అక్కడికే వేయించుకున్నారు. నా చెయ్యి ఎప్పుడు బయటకు వస్తుందా అని సంతంతా చుట్టూ చేరింది.

నేను లారీ చాటుకు పోయి, చొక్కా లోపల మోచేతి పైన నవారు బిగించాను. పళ్లతో ఒక కొస పట్టుకుని, పశువుకు వేసే లాగుముడి వేశాను. ఒక్క లాగుకు ఊడే ముడి. వచ్చి తువ్వాలు కప్పాను.

"ఏరా బుడే, ఇయ్యాల ఎంతసేపుంటావు?" అన్నాడు బాలస్వామి.

"నువ్వున్నంతసేపు."

వాడు ముందు పద్ధతిగా వేలి మొదలు పట్టాడు. నేను ఒప్పుకోలేదు. పత్తి గురించి ఏదో అన్నాడు. మళ్లీ పట్టాడు, కొంచెం పెంచాడు. నేను ఇంకా కావాలన్నాను. అప్పుడు వాడి చెయ్యి మెల్లిగా కొసకు జరిగింది. బొటనగోరు దించాడు. అదిమాడు.

ఏమీ కాలేదు.

నేను వాడి కళ్లలోకి చూస్తూ, "విరిసిన పత్తికి మబ్బు పడితే మంచిది కాదు" అన్నాను. మళ్లీ అదిమాడు. వాడి మెడ నరాలు లేచాయి. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నాకు సుఖంగా ఉంది. ఏం చేస్తాడో చేయనీ అనుకున్నాను. వాడూ వదలలేదు, మాటలు సాగదీశాడు. వానలన్నాడు, యార్డులో మిరప బస్తాలన్నాడు.

ఆ మాటల మధ్య నా చెయ్యి కట్టెయింది. మొదట చిమచిమలాడింది, తర్వాత అసలు ఉన్నట్టే లేదు. తువ్వాలు కింద వాడు ఏం పట్టుకున్నాడో నాకు తెలియడం లేదు. ఒక వేలా, రెండా, చెయ్యంతానా?

"చెప్పు మరి" అన్నాడు బాలస్వామి. "ఇచ్చా. సరేనా, కాదా?"

"మళ్లీ పట్టు."

"పట్టే ఉన్నా."

జక్రయ్య పలుపు చెయ్యి మార్చి పట్టుకున్నాడు. సరే అంటే మాట పడిపోతుంది, మళ్లీ వెనక్కి పోదు. వాడు గేదెను కబేళాకు తోలే ధర పట్టుకున్నా అదే ఖాయం. కాదంటే మంచి ధరను కాలదన్నినట్టవుతుందేమో. చెయ్యి తీస్తే నా పని అయిపోతుంది. వెంకయ్య గారు గొంతు సవరించుకున్నారు.

ధర తెలియాలంటే చెయ్యికి ప్రాణం రావాలి. ఎడమచెయ్యి చొక్కా గుండీల మధ్య నుంచి చంక గోక్కుంటున్నట్టు లోపలికి పోనిచ్చి, నవారు కొస లాగాను.

రక్తం దిగింది. ముందు భుజం, తర్వాత మోచెయ్యి, తర్వాత వేళ్లు. వేలి చివరకు వచ్చేసరికి అక్కడ బాలస్వామి గోరు కాసుకుని ఉంది. నేను అరిచిన అరుపుకు గేదె పలుపు తెంచుకోబోయింది. చెయ్యి లాక్కోవాలి. లాక్కుంటే మళ్లీ నేనే దొంగని. లాక్కోలేదు. ఎడమచేత్తో తువ్వాలు పట్టుకుని ఎత్తి అవతల పారేశాను.

చుట్టూ ఉన్నవాళ్లు మెడలు సాచారు.

మా రెండు చేతులూ ఎండలో ఉన్నాయి. బాలస్వామి బొటనవేలు గోరు నా గోరు మీద దిగి ఉంది. కింద నుంచి చూపుడువేలు ఆనించి పట్టుకున్నాడు, పటకారుతో మేకు పట్టినట్టు. మిగతా వేళ్లు వాడి అరచేతిలోనే ముడుచుకుని ఉన్నాయి. ధర పట్టిన చెయ్యి ఎలా ఉంటుందో ఆ సంతలో పేడ ఎత్తేవాడికి కూడా తెలుసు. ఆ చేతిలో ధర లేదు. సరేనా కాదా అని వాడు నన్నడిగింది శూన్యం పట్టుకుని.

ముసలి దళారీ వంగి దగ్గరగా చూశాడు. "కొస" అన్నాడు.

నా నొప్పి గురించి ఎవరూ అడగలేదు. అందరూ చూసింది ధర లేని చెయ్యిని. తర్వాత కింద పడి ఉన్న తువ్వాలుని చూశారు. అప్పుడు నా వైపు తిరిగిన మొహాలు బాలస్వామి వైపు తిరిగిన మొహాల కన్నా ఏమంత నయంగా లేవు.

వెంకయ్య గారు కుర్చీలోంచి లేచారు. "ఉత్త చెయ్యి పెట్టినోడూ వద్దు, తువ్వాలు ఎత్తినోడూ వద్దు. ఇద్దరూ బయటకు నడవండి."

"నా చెయ్యి నేను తీయలేదు" అన్నాను. "మీరు పెట్టిన షరతు అదే గదా."

"తీసినా బాగుండేది" అన్నారాయన.

మేం ఇంకా అక్కడుండగానే జక్రయ్య ఫిలిప్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీకు నోరుంది గదా. ఎంతిస్తావో నోటితో చెప్పు." ఫిలిప్ దళారుల వంక చూశాడు, గేదె పొదుగు వంక చూశాడు, పైకి చెప్పేశాడు. ఆ సంతలో ఒక ధర గాలికి వినపడటం అదే మొదలు. జక్రయ్య ఇంకా ఎక్కువ అడిగాడు. అతనూ పైకే బదులిచ్చాడు. దళారులంతా నా వైపు చూశారు. వాళ్ల చూపుకి గోళ్లుంటే నన్ను గీరేసేవాళ్లు. "జక్రయ్యా, ఇంకాస్త ఆగు, పెంచుతాడు" అన్నాను నేను. "నీ చెయ్యీ వద్దు, నీ మాటా వద్దు. పోవయ్యా" అన్నాడు.

గేటు బయట పురుగుమందుల కొట్టు అరుగు మీద బాలస్వామి కూర్చుని ఉన్నాడు. గుంటూరు వైపు పోయే ఆటో నిండడం కోసం చూస్తున్నాడు. నేనూ దాని కోసమే నిలబడ్డాను. వేలు దవడకు ఆనించుకుని వెచ్చబెట్టుకుంటున్నాను.

"నా తిండి తీశావు గదరా" అన్నాడు.

"నువ్వు ముందు తీశావు."

"తీస్తా. తీయక? ఎదురుగా నిలబడేది ఎందుకు?"

నాకు ఒక సంగతి అడగాలని ఉంది. "అది నొప్పని నీకు తెలుసా? నేను నటిస్తున్నాననుకున్నావా?"

వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "నటించేవాడివైతే నేను నొక్కడమెందుకు? ఉత్త వేలు నొక్కితే నాకేంటి లాభం? మొదటి రోజే తెలుసు. ప్రాణం పోయేంత నొప్పది."

ఇన్నేళ్లలో ఆ మాట నాతో అన్న మగవాడు వీడొక్కడే. కొంపదీసి ఏడుస్తానేమోనని భయం వేసింది.

"మా ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పు ఆ మాట."

"నీ గడప నేను తొక్కను."

"తొక్కొద్దు. బయట నిలబడి చెప్పు."

"నీకు సాక్ష్యం చెప్పేదానికా నేను పుట్టింది?" వాడు పక్కకు ఉమ్మాడు. "కోయించుకుంటున్నావంటగా. ఎప్పుడు?"

"సోమవారం. గోరు లేపి తీస్తారు."

"మత్తిచ్చా?"

"మత్తిచ్చే."

"మత్తివ్వకపోతే బాగుండు" అని వాడు ఆటో ఎక్కాడు.

మిగిలింది వాడి పక్క చోటే. ఇంకో ఆటో ఎప్పుడొస్తుందో తెలియదు. ఎక్కి కూర్చున్నాను, ఎడమచేత్తో ముందు కమ్మీ పట్టుకుని, కుడిచెయ్యి వాడికి అందకుండా ఆటో బయట పెట్టుకున్నాను.